గారవాణి

తణుకులో పెనుమత్స భానోజీరాజు చేత నోరు తెరిపించుకోని మనిషి లేడు. ఆయన నోరు మూయించగలిగిన మనిషీ లేడు. పంటి డాక్టరుగా ఇరవై ఏడేళ్ళ అనుభవం. కుర్చీలో వెనక్కి వాలినవాడి నోట్లో అద్దం, దూది, ఉమ్మి లాగే గొట్టం అన్నీ సర్దేశాక, అప్పుడు తీరిగ్గా కబుర్లు మొదలెడతాడు. అవతలివాడికి ఊఁ కొట్టడం తప్ప దారుండదు.

"ఊరంతా నన్ను రాజుగారూ రాజుగారూ అంటారా, అది మర్యాద అనుకునేరు. రాజు వేరు, గార వేరు, విడివిడిగా చదువుకోవాలి. గార మీరు తెచ్చుకుంటారు, రాజు ఇక్కడుంటాడు. నోరింకా పెద్దగా తెరవండి. నాది చూసి నేర్చుకోండి."

ఆయన చేతిలో కొక్కెంలాంటి సన్నని మొన ఉన్న పరికరం. కంటికి ఆననంత వేగంగా వణుకుతూ, నీళ్ళు చిమ్ముతూ పంటిని తడుముతుంది. పసుపుపచ్చగా గట్టిపడ్డ గార పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది.

"రోజూ తోముతున్నాను కదండీ అంటారు. మీ బ్రష్షు మెయిన్ రోడ్డు ఊడుస్తుందండి, సందుల్లోకి వెళ్ళదు. అక్కడ మిగిలిన పాచికి మీ ఉమ్ములోని సున్నం తోడై రాయవుతుంది. రాయయ్యాక దానికి బ్రష్షంటే భయం లేదు, నేనంటేనే భయం. దాని కింద చిగురు కుళ్ళుతుంది, చిగురు కింద ఎముక కరుగుతుంది. ఆర్నెల్లకోసారి వచ్చి గీకించుకున్నారా, మీ పళ్ళతో మీరు పోతారు. లేదా, మీ పళ్ళు మీకంటే ముందు పోతాయి. ఊఁ అనండి."

"ఊఁ."

ఇన్ని వేల నోళ్ళు కడిగిన ఆ చేతులు ఒక్క నోటిని మాత్రం ముట్టుకోలేదు. అది ఆయన భార్య ఇందుమతిది. మొదట్లో ఎందుకు ముట్టుకోలేదో ఆయనకే సరిగ్గా గుర్తులేదు. ఈ రెండేళ్ళుగా మాత్రం కావాలనే కడగలేదు. ఆ గారలో ఆవిడ గొంతు ఉంది.

మూడేళ్ళ కిందట ఇందుమతి గొంతులో కాన్సరు కనపడింది. డాక్టర్లు స్వరపేటిక మొత్తం తీసేశారు. మనిషి మిగిలింది, మాట మిగల్లేదు. మెడ కింద చిన్న రంధ్రం, ఊపిరి అందులోంచే. చేతిలో పిల్లలు గీసుకునే ప్లాస్టిక్ పలక. రాసి, కింద మీట జరిపితే చెరిగిపోతుంది. ఆపరేషనైన నెలకి భానోజీరాజుకి ఆవిడ గొంతు వినాలనిపించి ఫోను తీశాడు. నలభై మూడు వీడియోలున్నాయి. పెళ్ళిళ్ళు, పేరంటాలు, అరకు, అంతర్వేది. నలభై మూడింట్లోనూ మాట్లాడేది తనే. ఆవిడ పక్కన నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంటుంది. ఒకే ఒక్క చోట "ఇంక పదండి" అన్నట్టు పెదాలు కదిలాయి. సరిగ్గా ఆ మాట మీద ఎవరి పెళ్ళిదో బ్యాండుమేళం.

ఆపరేషనైన ఏడాదికి అన్నగారమ్మాయి ప్రణతి దిగింది. హైదరాబాదులో పదార్థాల మీద పరిశోధన చేసిన పిల్ల. ఫ్రిజ్జంత యంత్రాన్ని వ్యాన్లో వేసుకొచ్చి బాబాయి క్లినిక్ వెనకగదిలో పెట్టింది. ఆమెకు కావలసిన ముడిసరుకు అక్కడే రోజూ రాలుతుంది మరి.

"పచ్చి సిమెంటు మీద కోడి నడిచిందనుకో బాబాయ్, ఆరాక కూడా అడుగులుంటాయి కదా. గార కూడా అంతే. రోజూ ఒక పొర పచ్చిగా పడుతుంది, గట్టిపడుతుంది. మాట్లాడినప్పుడు దవడ వణుకుతుంది. ఆ వణుకు అందులో ఉండిపోతుంది. నా యంత్రం ఒక్కో పొరనీ కాంతితో చదువుతుంది. చదివిన పొర కాలిపోతుంది, అదొక్కటే ఇబ్బంది."

మొట్టమొదట నోరు విప్పింది నెల కిందటే రిటైరైన ఒక బస్సు కండక్టరు గార. కందిబద్దంత పెచ్చు. స్పీకర్లో ఇసుక రాలినట్టు గరగర, ఆ గరగరలోంచి మనిషి: "దువ్వ… వేల్పూరు… ముందుకి జరగండమ్మా, ముందంతా ఖాళీయే." భానోజీరాజు స్టూలు పట్టుకుని నిలబడిపోయాడు. ఆయన జీవితంలో మాట రాని అరనిమిషం అదే. తర్వాత యంత్రానికి గారవాణి అని పేరు పెట్టి, రెండు కొబ్బరికాయలు కొట్టి, తిన్నగా ఇంటికి పరిగెత్తాడు.

"ఇందూ, నోరు తెరువు."

ఆవిడ తెరిచింది. కింది ముందుపళ్ళ లోపలివైపు, నాలుక తగిలే చోట, ఉమ్మి ఊరే గ్రంథులు అక్కడే కనుక, ఆరు పళ్ళూ కలిసిపోయేటంత మందాన గోడ కట్టినట్టుంది గార. ఇంకొకరి నోట్లో అయితే అది చూసి భానోజీరాజు పావుగంట తిట్టేవాడు. ఆ రోజు ఆయన కళ్ళు తడయ్యాయి.

చిక్కేమిటంటే గార నోట్లో ఉన్నంతకాలమే మాట దాచుకుంటుంది. ఊడదీసిన ఆరు గంటలకి ఎండి, లోపల బీటలిచ్చి మూగదైపోతుంది. ఉమ్ములో నానబెట్టారు, ఉప్పునీళ్ళలో వేశారు, లాభం లేకపోయింది. ఆ ఆరు గంటల్లో యంత్రం పైనుంచి చదవగలిగేది ఆర్నెల్ల మందం. ఇందుమతి మాట దానికి దిగువన ఉంది, రోజు గడిచినకొద్దీ ఇంకో పొర కిందికి పోతుంది. యంత్రం వేగం పెరిగేదాకా గార ఆవిడ నోట్లోనే ఉండాలి.

"ఉంచేద్దాం ఇందూ. బంగారంలో ఉన్నదంతా గారమే కదా" అన్నాడు.

ఆవిడ పలక మీద "మీ ఇష్టం" అని రాసింది.

*

రెండేళ్ళు గడిచాయి. వేగం ఎంత పెరిగిందో చూడటానికి నెలకో పెచ్చు, నువ్వుగింజంత, గీకి తెచ్చేవాడు. ఇరవై మూడో పెచ్చు వినే రోజున వెనకగదిలో స్పీకరు ఇలా పలికింది:

"…పిండి పులిసిందా, నేను పులిసిపోయానా అని అడుగుతున్నా. నవ్వవేం ఇందూ…" తర్వాత ఆయన నవ్వే. తర్వాత గిన్నెకి గరిటె తగిలిన చప్పుడు. తర్వాత అంతా పొడి గరగర.

"ఎంత లోతుకెళ్ళాం?" అన్నాడు భానోజీరాజు.

"రెండేళ్ళ రెండు నెలలు. పిన్ని మాట ఇంకో పది నెలల కింద ఉంది. ఆరోగంట దాటింది బాబాయ్, మిగతాది ఎండిపోయింది."

"ఇరవై మూడు పెచ్చులమ్మా. ఇరవై మూడింట్లోనూ నేనే."

"నువ్వు పక్కన కూర్చుని అంత గట్టిగా అరిస్తే పిన్ని దవడ ఏం చేస్తుంది, రాసుకుంటుంది."

"నా గొంతు నేను వినడానికి ఇంత యంత్రం ఎందుకే? బాత్రూములో పాడుకుంటే సరిపోయేది." నవ్వబోయాడు, సగంలో ఆగిపోయింది. "ఇంకెంత కాలం?"

"మూడు నెలలు. నాలుగేమో." ప్రణతి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "పిన్నికి జ్వరం తగ్గిందా?"

"తగ్గుతుంది."

"పదిహేను రోజుల్నించీ అదే అంటున్నావు. నువ్వు డాక్టరువి కదా."

"పంటి డాక్టర్ని. పంటికి జ్వరం రాదమ్మా."

వస్తుందని ఆయనకి తెలుసు. పొద్దున్నే దిండు గలీబు మీద రూపాయంత రక్తపు మరక చూశాడు. పలచటి పుల్లతో చిగురు లోతు కొలిస్తే మామూలుగా మూడు మిల్లీమీటర్లు ఉండాలి. ఇందుమతికి ఏడు ఉంది. వేలితో నొక్కితే చీము కనపడింది. పుక్కిలించడానికి మందునీళ్ళు ఇచ్చి, మాత్రలు మార్చి, గలీబు తనే ఉతికి ఆరేశాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ పలక చూపించింది. "నోరు కంపు కొడుతోంది. నాకే తెలుస్తోంది."

"మూడే మూడు నెలలు ఇందూ. కళ్ళు మూసుకుంటే అయిపోతాయి."

మీట జరిపి చెరిపేసింది. చెరిపిన పలక బల్ల మీద పెట్టి లేచింది. డాబా మీదికి బట్టలు తేవడానికి వెళ్ళి పదకొండో మెట్టు మీద కూలబడింది. భానోజీరాజు పరిగెత్తేసరికి పెదాలు నల్లబడ్డాయి. మెడ రంధ్రంలోంచి ఊపిరి బుడగలు బుడగలుగా వస్తోంది.

*

ఏలూరులో ఒక గుండె ఆసుపత్రి. సర్జన్ రహంతుల్లా గారు సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. తెర మీద గుండె కొట్టుకుంటోంది. కవాటం అంచున పిండి ముద్దలాంటిది ఒకటి వేలాడుతూ అటూ ఇటూ ఊగుతోంది.

"ఇది చూశారా. క్రిములు గూడు కట్టాయి. కవాటం సగం తినేశాయి. రక్తంలో దొరికిన క్రిమి గుండెలో పుట్టేది కాదండి, నోట్లో ఉండేది. పాడైన చిగుళ్ళలోంచి రక్తంలోకి దిగింది. మందులతో ఆగే దశ దాటిపోయింది. రేపు పొద్దున్నే కవాటం మార్చాలి."

"మార్చండి సార్."

"మారుస్తాను. కానీ నోరు ఇలా ఉండగా మార్చి లాభం లేదు. కొత్త కవాటం మీద కూడా నాలుగు రోజుల్లో ఇదే వచ్చి కూర్చుంటుంది. ఇవాళ సాయంత్రంలోగా నోరు పూర్తిగా శుభ్రం చెయ్యాలి. గార ఒక్క పలుకు మిగలకూడదు. ఒక డెంటిస్టు సంతకం పెట్టాలి. మా డాక్టరమ్మ సెలవులో ఉంది, కుర్చీ, పరికరాలు ఉన్నాయి. మీ ఊళ్ళో మంచి డెంటిస్టు ఎవరైనా ఉన్నారా? ఫోన్ చేస్తే వస్తారా?"

పరిచయాల దగ్గర చెప్పాల్సిన ముక్క భానోజీరాజు కంగారులో చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలి.

"ఉన్నాడండి" అన్నాడు. "నేనే."

రహంతుల్లా గారు చేతిలోని కాగితాల వంక చూశారు. తర్వాత ఆయన వంక చూశారు. "ఆమె మీకు…"

"నా భార్యండి."

సర్జన్ ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది భానోజీరాజుకి. ఒక్క తిట్టు తిడితే పట్టుకుని వేలాడటానికి ఏదో ఒకటి దొరికేది. "మూడింటికి కుర్చీ సిద్ధంగా ఉంటుంది" అని మాత్రం చెప్పి ఆయన లేచారు.

ప్రణతి అప్పుడే వచ్చింది. భానోజీరాజు వరండాలో ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఇవాళ్టికి వేగం ఎంతమ్మా?"

"అదే, రెండేళ్ళ రెండు నెలలు. బాబాయ్, ఇప్పుడు ఆ లెక్కలెందుకు?"

"పైపళ్ళన్నీ చేసేస్తాను. కింద దవడపళ్ళన్నీ చేసేస్తాను. ముందు ఆరు పళ్ళ లోపలివైపు మాత్రం వదిలేస్తే. ఆ ఆరే. నాలుక అడ్డం ఉంటుంది, ఎవరికీ కనపడదు. సంతకం పెట్టేది నేనే కదా."

ప్రణతి చెయ్యి విడిపించుకుంది. "ఆ మాట నాకు కాదు, పిన్నికి చెప్పు."

చెప్పాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, గొంతు తగ్గించి, వేళ్ళతో పళ్ళ బొమ్మ గీసి మరీ చెప్పాడు. మూడు నెలలాగితే వేగం సరిపోతుందన్నాడు. ఈలోగా మందులు గట్టివి వేస్తానన్నాడు. ఇంత చెబుతున్నా ఆయన నోట్లోంచి ఒక్క చమత్కారం దొర్లలేదు.

ఇందుమతి పలక అందుకుని రాసింది. అక్షరాలు పెద్దవిగా, వంకరగా పడ్డాయి.

"అన్నిటికన్నా కుళ్ళినవి ఆ ఆరే."

"తెలుసు ఇందూ."

మీట జరిపింది. మళ్ళీ రాసింది. "గొంతు పోతే నేను పోయానా?"

మీట చప్పుడు. ఈసారి చాలాసేపు రాసింది, మధ్యలో రెండుసార్లు ఊపిరి కోసం ఆగింది.

"రెండేళ్ళుగా మీరు నా మొహం చూడలేదు. నోట్లోకి చూస్తున్నారు."

భానోజీరాజు తల ఎత్తి ఆవిడ మొహం చూశాడు. కళ్ళ కింద నలుపు, చెంపలు పీక్కుపోయి, కుడికనుబొమ దగ్గర తెల్లవెంట్రుక ఒకటి. అది ఎప్పుడు తెల్లబడిందో ఆయనకి తెలీదు.

"తియ్యండి. మొత్తం" అని రాసింది ఆవిడ.

"మొత్తం తీస్తాను. ఒక్క పెచ్చు మాత్రం ముందు చేత్తో ఊడదీసి ప్రణతికిస్తాను. ఒక్కటే. దక్కితే దక్కుతుంది."

ఆవిడ చూపుడువేలు పైకెత్తింది. ఒకటి.

*

మూడింటికి కుర్చీ. గుండె బరువు మోయలేని మనిషిని పూర్తిగా పడుకోబెట్టకూడదు, సగం వాలుగా కూర్చోబెట్టాడు. ముందే రక్తనాళంలోకి మందు ఎక్కించారు, పళ్ళు గీకేటప్పుడు లేచే క్రిములు మళ్ళీ దెబ్బ తియ్యకుండా. మెడ రంధ్రం మీద గాజుగుడ్డ నాలుగు మడతలు వేసి, పైన ఏప్రాన్ కట్టాడు. ఒక్క చుక్క నీరు అందులోకి జారినా ఊపిరితిత్తుల్లోకే.

ముందు చేతి పరికరం. కింది ముందుపన్ను లోపల, గార గోడ అంచు కింద మొన దూర్చి, ఊపిరి బిగబట్టి ఒక్క తోపు తోశాడు. శనగబద్దంత పెచ్చు ఠక్కున ఊడింది. బయటివైపు పసుపు, పంటిని అంటుకున్న లోపలివైపు నల్లటి నలుపు. తడిదూది పెట్టెలో పెట్టి ప్రణతికిచ్చాడు. ఆమె మెట్లు దిగిన చప్పుడు వినపడింది. తణుకు గంటన్నర దారి.

అప్పుడు వణికే మొన తీసుకుని కాలితో మీట నొక్కాడు.

ఇన్నేళ్ళుగా ఆ చప్పుడు ఆయనకి పంకా చప్పుడు లాంటిది, విననే వినడు. ఆ రోజు విన్నాడు. సన్నగా, తెగని ఈల. మొన తగిలిన చోట గార పగులుతుంది, నీళ్ళు దాన్ని కడుగుతాయి, గొట్టం దాన్ని గరగరా లాగేస్తుంది. ఏ పెచ్చులో ఏముందో. ఉగాదిపచ్చడిలో వేపపువ్వు ఎక్కువైందన్న మాట ఏదో ఉంటుంది. పనిమనిషిని పిలిచిన పిలుపు ఉంటుంది. ఏదో ఒక పెచ్చులో ఆయన పేరు ఉంటుంది, ఆవిడ పేరు పెట్టి పిలవదు గనుక "ఏవండీ" అన్నట్టు ఉంటుంది. అన్నీ ముక్కలై, రక్తంతో ఎర్రబడ్డ నీళ్ళతో కలిసి గాజుసీసాలోకి దిగుతున్నాయి. రెండో పన్ను. మూడో పన్ను. చెయ్యి ఆగితే మళ్ళీ కదలదేమోనని ఆపలేదు.

చిగురు కిందికి దిగాడు. అక్కడ కంటికి కనపడదు, మొన చివర గరుకు తగిలితే గార, నున్నగా తగిలితే పన్ను. వేలికొసలతోనే చూడాలి. నాలుగో పన్ను దగ్గర ఇందుమతి కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆపాడు. ఆవిడ వేలితో గాలిలో గుండ్రంగా తిప్పింది, కానివ్వమని. కానిచ్చాడు. చీము పోయింది, చెడ్డరక్తం పోయి మంచిరక్తం వచ్చింది. ఆరు పళ్ళ మధ్య ఎన్నాళ్ళో మూసుకుపోయిన సందులు తెరుచుకుని, వాటిలోంచి వెలుగు ఇవతలికి కనపడింది.

పైపళ్ళు, దవడపళ్ళు, మూలల్లో జ్ఞానదంతాలు. జ్ఞానదంతం దగ్గర ఆయన ఎప్పుడూ వేసే జోకొకటుంది, కుర్చీ ఎక్కిన ప్రతివాడూ విన్నదే. నాలుక చివరదాకా వచ్చి ఆగింది. చివర్లో మెత్తటి రబ్బరు కప్పుకి పుదీనా వాసన పేస్టు అద్ది ఒక్కో పన్నూ పాలిష్ పట్టాడు. గరుకుంటే పాచి పట్టుకుంటుంది, నున్నగా ఉంటే జారిపోతుంది. అందుకే పాలిష్. సందుల్లో దారం లాగి, మందునీళ్ళతో కడిగి, అద్దం పెట్టి ముప్ఫై పళ్ళూ రెండుసార్లు లెక్కబెట్టి చూశాడు. ఒక్క పలుకు లేదు.

గంటా నలభై నిమిషాలు. ఆయన పెదవి విప్పలేదు.

ఇందుమతి నాలుకతో పళ్ళ లోపలివైపు తడుముకుంది. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. కొత్త ఇంట్లో గదులు చూసుకుంటున్నట్టు. పలక అడిగింది.

"నున్నగా ఉంది. ఇన్నాళ్ళూ నా నోరు ఇంత పెద్దదని తెలీదు."

రాసి, నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. నర్సు సీసా విప్పి పట్టుకుని నిలబడింది, అడుగున బూడిద రంగు మట్టి పేరుకుని ఉంది.

"సార్, ఇది ల్యాబుకి పంపమంటారా?"

"పారబొయ్యమ్మా" అన్నాడు. కుళాయి తిప్పిన చప్పుడు ఆగేదాకా అటు తిరగలేదు.

*

పొద్దున్న ఏడున్నరకి ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళారు. తలుపు మీద ఎర్రలైటు వెలిగింది. బెంచీ మీద ఆయనొక్కడే. పదింటికి ఒక నర్సు బయటికొచ్చి "గుండె ఆపారు, మెషీను మీద ఉన్నారు" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ మాట మామూలుగా చెప్పాల్సిన మాటేనని తెలిసినా ఆయన లేచి తలుపుదాకా వెళ్ళి వచ్చాడు.

పదీ ఇరవైకి ప్రణతి ఫోన్ చేసింది.

"బాబాయ్, ఎలా ఉంది?"

"లోపలుంది. చెప్పు."

"నిన్న నేనొక పని చేశాను. నిన్ను అడక్కుండా." ఆమె గొంతు రాత్రంతా నిద్రలేనట్టు బొంగురుగా ఉంది. "పెచ్చుని తిరగేసి పెట్టాను. నల్లవైపు పైకి వచ్చేలా. రెండుసార్లు అడిగాను నిన్ను, తిరగేస్తే ఏమవుతుందని. అది చిగుళ్ళ రక్తం పట్టిన మురికి, కటకం పాడైపోతుంది, అందులో ఏముండదు అని నవ్వేశావు."

పంటి డాక్టరు ఎప్పుడూ గారను బయటి నుంచే చూస్తాడు. లోపలివైపు ఆయనకి మురికి.

"అందులోనే ఉంది బాబాయ్. అడుగు పొరలు కదా, అన్నిటికన్నా పాతవి. చదవడానికి గంట కూడా పట్టలేదు, మాటగా మార్చడానికే కంప్యూటరు పొద్దుటిదాకా తీసుకుంది. ఎక్కువ లేదు. తొమ్మిది సెకన్లు."

గంట. రెండేళ్ళ కిందట, కండక్టరు మాట్లాడిన రోజున, ఒక్క పెచ్చుని తిరగేసి ఉంటే గంట. మర్నాడే నోరంతా కడిగేసి ఉండేవాడు. ఏడు మిల్లీమీటర్లు లేవు, దిండు మీద మరక లేదు, ఎర్రలైటు లేదు. ఆయన గోడకి తల ఆన్చాడు.

"బాబాయ్, ఉన్నావా? వినిపించనా? వద్దంటే తర్వాత…"

"వినిపించు."

ఇసుక రాలినట్టు గరగర. ఆ గరగరలోంచి కాస్త జీరగా, వాక్యం చివర మింగేసే ఆ గొంతు. ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది, బహుశా అక్కగారితో.

"…లేదే, అడగడం మానేశా. ఊరందరివీ చేస్తారు, నన్ను మాత్రం ఆదివారం చూస్తానంటారు. ఎన్ని ఆదివారాలో. నవ్వాలంటే సిగ్గేస్తోంది నాకు. ఉండవే, పాలు పొంగుతున్నాయ్…"

అంతే. తర్వాత గరగర.

ఎప్పటి మాటో. పదేళ్ళ కిందటిది కావచ్చు. ఆయనకి ఆ ఆదివారాలు గుర్తురాలేదు, ఎంత వెతికినా ఒక్కటీ గుర్తురాలేదు. ఆదివారాల్లో ఏం చేసేవాడో మాత్రం గుర్తుంది. కాలువ గట్టు మీద స్నేహితుల్ని కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పేవాడు.

"మళ్ళీ పెట్టనా?" అంది ప్రణతి.

"వద్దమ్మా. దాచు. ఆవిణ్ణి అడిగే వింటాను. ఆవిడ మాట కదా."

ఫోను పెట్టేశాడు. ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. క్లినిక్కి ఫోన్ కలిపాడు. రిసెప్షన్లో సుగుణ ఎత్తింది, పదహారేళ్ళుగా ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషి.

"సార్, అమ్మగారు ఎలా ఉన్నారండి?"

"ఆపరేషన్ జరుగుతోంది. ఒక పేరు రాసుకో సుగుణా. కొత్త పేషెంటు."

"ఇప్పుడాండి?"

"ఇప్పుడే. పెనుమత్స ఇందుమతి. యాభై ఒకటి."

"అమ్మగారికి ఫైలు లేదాండి మన దగ్గర?"

"లేదు. తెరువు. నిన్న క్లీనింగ్ అయింది, అది రాయి. ఆర్నెల్లకి మళ్ళీ రావాలి. ఆ నెలలో మొదటి ఆదివారం వెయ్యి."

"ఆదివారం మనకి సెలవండి."

"తెలుసు. ఆదివారమే వెయ్యి. పొద్దున్న తొమ్మిదింటికి. ఆ రోజు ఇంకెవరి పేరూ రాయకు."

"క్లీనింగేనాండి?"

"క్లీనింగే."

సుగుణ అలవాటుగా ఆయన జోకు కోసం కొంచెంసేపు ఆగింది. ఫోన్లో ఆయన ఊపిరి మాత్రమే వినపడింది. ఆవిడ పెన్ను తీసుకుని రాసుకుంది.